నవల రాసేశాం, ఎడిటర్‌ని ఎలా వెతుక్కోవాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే సంగతి అడిగాయి, ఐదూ మన విశాఖ చుట్టుపక్కల నుంచే. నవల రాయడం అయిపోయింది, ఎవరికైనా ఇచ్చి దిద్దించుకోవాలి, ఎవరికివ్వాలో తెలియక టెన్షన్‌గా ఉంది అని. ఇరవై ఏళ్లుగా సీతమ్మధారలో మా ఇంటి మేడ మీద కూర్చుని నేను చేస్తున్న పని ఇదే కాబట్టి, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. మా ఊరు ఆ ప్లాంటు కిందే పోయింది. ఆ కథనే నవలగా రాశాను. 1966 ఉక్కు ఉద్యమంతో మొదలై హుద్‌హుద్ తుపానుతో ముగుస్తుంది. డీటీపీ చేయిస్తే 460 పేజీలు వచ్చింది. ఇప్పుడు ఇద్దరున్నారు. ఒకాయన రిటైర్డ్ తెలుగు లెక్చరర్, ఒక్క తప్పు మిగలకుండా చూస్తానంటున్నారు. ఇంకొకాయన ఎడిటింగ్, కవరు, ప్రింటింగు అన్నీ కలిపి పేజీకి ఇంత అని ప్యాకేజీ, రెండు నెలల్లో పుస్తకం చేతిలో పెడతానంటున్నారు. మా అబ్బాయి రెండోదే సులువంటున్నాడు. మీరు ఎవరికి ఇవ్వమంటారు? కథాసారం జత చేస్తున్నాను.
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మాస్టారూ, ఇప్పటికి ఇద్దరికీ ఇవ్వకండి. ముందు మీ నవలకు ఏ పని కావాలో తేల్చుకుందాం, మనిషి సంగతి ఆ తర్వాత.

ఎడిటింగ్ అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో నాలుగు పనులున్నాయి, నాలుగూ ఒకే మనిషికి బాగా రావడం అరుదు. మొదటిది కథ మొత్తాన్ని చూసేది, డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అంటారు. కథ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి వైపు నుంచి చెప్పాలి, పదో అధ్యాయంలో వచ్చిన మేనత్త ఇరవయ్యో అధ్యాయం తర్వాత ఏమైపోయింది, ఏ అరవై పేజీలు తీసేసినా కథ నిలబడుతుంది, ఇలాంటివి. రెండోది లైన్ ఎడిటింగ్, వాక్యం వాక్యం పట్టి ఎక్కడ సాగింది, ఎక్కడ చెప్పిందే మళ్లీ చెప్పారు అని చూడటం. మూడోది కాపీ ఎడిటింగ్, అంటే తప్పొప్పులు, తేదీలు, వయసులు, వరసలు, ఒకచోట ‘చేశాడు’ ఇంకోచోట ‘చేసాడు’ లేకుండా చూసుకోవడం. నాలుగోది ప్రూఫ్ రీడింగ్, పేజీలు కట్టాక అచ్చుకు వెళ్లే ముందు చేసేది. లెక్చరర్ గారు చేస్తానన్నది మూడోదీ నాలుగోదీ. అది విలువైన పనే, దానికోసం ఆయన దగ్గరకు తప్పకుండా వెళ్దురుగాని, కానీ గోడలు ఎక్కడ లేపాలో తేలకముందే సున్నం వేయించకూడదు కదా. తప్పులన్నీ దిద్దించాక అందులో వంద పేజీలు తీసేయాల్సి వస్తే ఆయన శ్రమా పోతుంది, మీ డబ్బూ పోతుంది.

మీ కథాసారం రెండుసార్లు చదివాను. అందులో మీ కథానాయకుడు 1969లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్తాడు. ఆ రైలు మొదలైంది 1974లో. 1966లో అతని పెదనాన్న ఊరు శృంగవరపుకోటను విజయనగరం జిల్లా అని రాశారు, ఆ జిల్లా ఏర్పడిందే 1979 జూన్‌లో, అప్పటిదాకా ఎస్.కోట విశాఖ జిల్లాలోదే. ఈ రెండూ కాపీ ఎడిటర్ పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. మూడోది చూడండి. దీపావళి సామాన్లు కాల్చిన వారానికి తుపాను వచ్చిందని ముగించారు. హుద్‌హుద్ మన దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 23. అంటే ముందు తుపాను, పదకొండు రోజులకు పండగ.

ఇక్కడే రెండు రకాల ఎడిటర్ల మధ్య తేడా మీకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కాపీ ఎడిటర్ అయితే దీపావళి తీసేసి దసరా అని పెట్టండి, సరిపోతుంది అంటారు, అది సరైన సలహానే. కథ చూసే ఎడిటర్ అయితే కాసేపు ఆగి ఇలా అడుగుతారు: చెట్లన్నీ కూలిపోయిన ఊళ్లో, ఒకసారి ఊరు పోగొట్టుకున్న ఆ ముసలాయన, తుపాను వెళ్లిన పదకొండో రోజున దీపం పెట్టాడా? పెడితే ఎక్కడ పెట్టాడు? మీ నవలకు అసలు ముగింపు ఆ దీపావళి రాత్రి అయ్యుండొచ్చు మాస్టారూ, మీరింకా రాయలేదు. మీకు కావాల్సింది ఆ ప్రశ్న అడిగే మనిషి.

అలాంటివాళ్లు తెలుగులో తక్కువే, ఆ మాట దాచను. నవలలు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పత్రిక సంపాదకులు కొంతవరకు ఆ పని చేసేవారు, ఇప్పుడు చాలామంది తమ డబ్బుతో తామే అచ్చు వేసుకుంటున్నారు కాబట్టి ఆ మనిషి మధ్యలోంచి తప్పుకున్నాడు. వెతకాలంటే ఒక దారి చెబుతాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో రెండు పూటలు కూర్చుని, ఈ పదేళ్లలో వచ్చిన నవలల్లో మీకు నచ్చినవి తీసుకుని, వాటి ముందు మాటలూ కృతజ్ఞతల పేజీలూ చదవండి. రచయితలు తమ రాతప్రతిని ఎవరు చదివి పీకి పాకం పెట్టారో అక్కడ మనస్ఫూర్తిగా రాసుకుంటారు. ఆ పేరు పట్టుకుని, వీలైతే ముందు ఆ రచయితకు ఫోన్ చేయండి. ‘ఆయన ఎలాంటివారు’ అని అడగొద్దు, అందరూ మంచివారనే చెబుతారు. ‘ఆయన చెప్పింది మీరు ఒప్పుకోనిచోట ఏమైంది’ అని అడగండి.

ఇద్దరో ముగ్గురో తేలాక అందరికీ మీ నవల్లోంచి ఒకే అధ్యాయం పంపండి, పది పన్నెండు పేజీలు, జత చేసిన కథాసారంతో. మొదటి అధ్యాయం పంపకండి. మొదటి అధ్యాయాన్ని ఎవరైనా ఇరవైసార్లు దిద్దుకుని ఉంటారు, దాంట్లో రోగం కనపడదు. మధ్యలోది, మీకే ఎక్కడో తేడాగా అనిపిస్తున్నది పంపండి. ఆ పది పేజీల పనికి డబ్బిచ్చి చేయించుకోండి, ఊరికే అడిగితే ఊరికే చూసినట్టే చూస్తారు.

తిరిగొచ్చాక ఎర్ర గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టకండి. ఎన్ని ప్రశ్నలున్నాయో చూడండి. ‘తండ్రి భూమి కాగితాల మీద వేలిముద్ర వేస్తుంటే అమ్మ ఎక్కడుంది?’ అనేది ప్రశ్న. ‘ఈ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది’ అని మీ వాక్యం కొట్టేసి తన వాక్యం రాసిపెట్టడం ప్రశ్న కాదు, అలాంటివి పేజీకి నాలుగు కనిపిస్తే ఆ మనిషి తన నవల రాసుకుంటున్నాడని అర్థం. మీ ఊళ్లోవాళ్లకు ఆర్ కార్డు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, కడపలో చదివేవాళ్లకు తెలియదు. ఒక ఎడిటర్ అక్కడ ‘నిర్వాసితులకు ఇచ్చే కార్డు అని వివరణ పెట్టండి’ అని రాయొచ్చు. ఇంకొకరు ‘తండ్రి దాన్ని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచడం చూస్తేనే దాని విలువ తెలిసిపోతోంది, వివరణ వద్దు’ అని రాయొచ్చు. నేనైతే ఈ రెండో మనిషి వెంట పడతాను.

చదవగానే కోపం వస్తుంది, వచ్చి తీరుతుంది, ముప్ఫై ఏళ్ల బాధను కాగితం మీద పెట్టి పంపితే ఎవరో అడ్డగీతలు కొట్టి పంపారని. మూడు రోజులు పక్కన పెట్టేయండి. మూడో రోజు బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే కూడా ఆ ప్రశ్నల్లో ఏదో ఒకటి మిమ్మల్ని వదలడం లేదంటే, దానికి జవాబు మీ నోట్లో తయారవుతోందంటే, ఆ ప్రశ్న అడిగినవారికే మిగతా 450 పేజీలూ ఇవ్వండి.

అమెరికాలో హార్పర్ లీ అనే కొత్త రచయిత్రి 1957లో ఇచ్చిన రాతప్రతిని టే హోహాఫ్ అనే ఎడిటర్ రెండేళ్లకు పైగా ఆమె చేతే మళ్లీ మళ్లీ రాయించింది. 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ పేరుతో వచ్చిన ఆ నవలకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. నాకు ఇందులో నచ్చేది ‘ఆమె చేతే’ అన్న మాట. కాబట్టి రెండు నెలల్లో పుస్తకం చేతిలో పెడతానన్న ప్యాకేజీ ఆయన సంగతి మీ అబ్బాయికి మీరే చెప్పగలరు. అచ్చు వేయడం ఆయన వ్యాపారం, అందులో తప్పేమీ లేదు, కవరూ ప్రింటింగూ ఆయనకే ఇవ్వొచ్చు. కానీ పుస్తకం ఎంత త్వరగా ప్రెస్సుకెళ్తే అంత లాభమున్న మనిషి, పేజీకి ఇంత అని డబ్బు తీసుకునే మనిషి, మీ 460 పేజీల్ని 320 చేయమని ఎందుకు చెబుతారు?

ప్రశ్న: అక్కా, నా నవల జాలరిపేటలో జరుగుతుంది, మా అమ్మమ్మ వాళ్లది అక్కడే. పాత్రలన్నీ మన మాటే మాట్లాడతాయి. ఎడిటింగ్‌కి ఇస్తే ‘నేదు’ అన్నచోటల్లా ‘లేదు’ అని, ‘బేగి రా’ అంటే ‘త్వరగా రా’ అని మార్చేశారు. అడిగితే వేరే జిల్లాలవాళ్లకు అర్థం కాదంటున్నారు. ఆయనకు చాలా పేరుంది. వినాలా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: వినొద్దు చెల్లెమ్మా. ఎంత పేరున్నా సరే, ఆయన నీ నవలకు పనికొచ్చే ఎడిటర్ కాదు. ఇంకో నవలకు బాగా పనికిరావచ్చు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మన ఉత్తరాంధ్ర మనిషి. రావిశాస్త్రి ఈ ఊళ్లోనే వకీలు పని చేస్తూ, కోర్టు మెట్ల దగ్గర విన్న మాటను విన్నట్టే కథల్లో పెట్టారు, రాయలసీమలోనూ తెలంగాణలోనూ చదివారు, ఎవరికీ అర్థం కాకపోలేదు. అమ్మమ్మ నోట్లోంచి ‘నేదు’ తీసేస్తే ఆ అమ్మమ్మ ఎవరి అమ్మమ్మో తెలియకుండా పోతుంది, ఈ మాట రాస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే ఇలా సాపు చేసేసిన రాతప్రతులు నా దగ్గరకు ఏటా వస్తుంటాయి.

అయితే యాస తెలిసిన ఎడిటర్ నిన్ను ఊరికే వదలరు, వదలకూడదు కూడా. అమ్మమ్మ ‘నేదు’ అంటుంది సరే, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న మనవరాలు ఇంట్లో ఏమంటుంది, కాలేజీలో ఏమంటుంది? బోటు నడిపే సరంగు మాటా, హార్బర్‌లో వేలం పాడే వ్యాపారి మాటా ఒకటేనా? కథ చెప్పే గొంతు ఎవరిది? ఇరవయ్యో పేజీలో ‘ఎల్లిపోనాడు’ అన్న మనిషి నూటయాభయ్యో పేజీలో ‘వెళ్లిపోయాడు’ అంటే అది పాత్ర మారడమా, నువ్వు మర్చిపోవడమా? ఇవి అడిగేవాళ్లు కావాలి. నువ్వు ఇప్పుడే ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ పెట్టి, ఆ మనిషి ఏ మాట ఎలా పలుకుతుందో రాసి ఉంచుకో, ఎడిటర్‌కి రాతప్రతితో పాటు అదీ ఇవ్వు. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

భాష ఒక్కటే చూడకు. ఆ బతుకు తెలిసినవాళ్లో, తెలియకపోయినా అడిగి తెలుసుకునేవాళ్లో కావాలి. నీ కథలో జూన్ మొదటివారంలో మరబోటు వేటకు వెళ్తుందనుకో. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, 61 రోజులు. కానీ 2015కు ముందు అది మే 31తోనే అయిపోయేది. అంటే కథ 2012లో జరిగితే నువ్వు రాసింది ఒప్పు, 2018లో జరిగితే తప్పు. ‘ఇది ఏ సంవత్సరం?’ అని మార్జిన్‌లో రాసిన ఎడిటర్ దొరికితే వదులుకోకు.

ప్రశ్న: మా ఆవిడ బాగా చదువుతుంది, మా స్నేహితుడు టీచరు. వాళ్లిద్దరూ చూస్తే చాలదా? డబ్బు ఖర్చు పెట్టే స్తోమత లేదు.
- ఒక పాఠకుడు, ఎన్ఏడీ కొత్త రోడ్డు

జవాబు: మొదట వాళ్లే చూడాలండీ, డబ్బున్నవాళ్లకైనా ఇదే చెబుతాను. కాకపోతే ‘ఎలా ఉంది’ అని అడగకండి, మీ మొహం చూసి బాగుందనే అంటారు. పెన్సిలు ఇచ్చి, చదవడం ఆపి లేచిన ప్రతిచోటా చిన్న గుర్తు పెట్టమనండి, అంతే. వంట కోసం లేచినా సరే, ఫోన్ చూసినా సరే. ఇద్దరి గుర్తులూ ఒకే పేజీ దగ్గర పడితే అక్కడ మీ కథ నీరసపడింది. ఆ తర్వాత కొంత డబ్బు కూడితే పుస్తకం మొత్తం ఎడిటింగ్‌కి ఇవ్వక్కర్లేదు. మొత్తం చదివి ఐదారు పేజీల ఉత్తరం రాసివ్వమని అడగండి, ఏది నిలబడింది, ఏది పడిపోయింది అని. లైన్ ఎడిటింగ్‌తో పోలిస్తే దీనికి ఖర్చు తక్కువే, తిరగరాత పని మీరే చేసుకుంటారు. గురజాడ 1897లో అచ్చు వేసిన కన్యాశుల్కాన్ని 1909లో చాలావరకు కొత్తగా తిరగరాశారు, మనందరం చదివేది ఆ రెండోదే.

ప్రశ్న: ఎడిటర్‌కి మొత్తం ఫైలు పంపితే నా కథ వేరే ఎవరికైనా ఇచ్చేస్తారేమో అని భయంగా ఉంది. అడ్వాన్సు మొత్తం అడుగుతున్నారు కూడా. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కథ పోతుందన్న భయం చాలామందికి ఉంటుంది అమ్మా, కానీ 1957 కాపీరైటు చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే సాక్ష్యానికి పనికొస్తుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. రచయిత హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతోనే వెళ్లాలి. అందుకే నేను భయపడమనేది సంతకం పెట్టే కాగితం గురించి. ఎడిటింగ్ ఒప్పందం అని చెప్పి అందులో సినిమా హక్కులో, వెబ్ సిరీస్ హక్కులో ఒక వాక్యంలో కలిపేస్తే, ఆ వాక్యం కొట్టేయించిన తర్వాతే సంతకం పెట్టండి. ఫైలు ఈమెయిల్‌లో పంపండి, పంపిన తేదీ దానంతటదే నమోదవుతుంది.

డబ్బు మొత్తం ముందు ఇవ్వకండి. మొదలుపెట్టేటప్పుడు కొంత, సగం అధ్యాయాలు తిరిగొచ్చాక కొంత, చివర్లో మిగతాది. ఒక్క కాగితం మీద ఇవి రాసుకోండి: నాలుగు పనుల్లో ఏది చేస్తున్నారు, ఎన్నిసార్లు చూస్తారు, ఎప్పటికి ఇస్తారు, మధ్యలో కుదరకపోతే ఎవరు ఎంత వదులుకుంటారు. 400 పేజీల నవలను వారంలో ఇచ్చేస్తామంటే అది ప్రూఫ్ కూడా సరిగ్గా అవదు. శ్రద్ధగా కాపీ ఎడిటింగ్ చేస్తే నాకు రోజుకు పదిహేను, ఇరవై పేజీలే అవుతాయి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ స్టూడెంట్‌ని. ఇప్పుడు కంప్యూటరే తప్పులు దిద్దేస్తోంది కదా, ఇంకా మనిషి ఎందుకు?
- ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వాడుకో బాబూ, అక్షరదోషాలు ఏరడానికి కొంత సాయం చేస్తుంది. మొదటి చూపులో దొరికిపోయే తప్పులు ముందే తీసేసి ఇస్తే మనిషి బుర్రను పెద్ద విషయాల మీద పెట్టొచ్చు. కానీ మధురవాడ అమ్మాయి ‘నేదు’ను అదీ ‘లేదు’ అనే దిద్దుతుంది, గాజువాక మాస్టారిని దీపావళి రాత్రి గురించి అడగాలని దానికి తోచకపోవచ్చు.

ఇంకో సంగతి, నువ్వు అడగలేదు గానీ తెలుసుకోవాలి. నువ్వు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేస్తావు. చాలా డీటీపీ సెంటర్లలో పుస్తకం పేజీలు ఇప్పటికీ అక్షరాలకు వేరే కోడ్ వాడే పాత అను ఫాంట్లలోనే కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి విరిగిపోతాయి, ‘ఫేస్‌బుక్’ ‘ఫేస్బుక్’ అయి కూర్చుంటుంది. ఎడిటర్ ఎంత బాగా దిద్దినా అది మార్పిడికి ముందు సంగతి. అందుకని పేజీలు కట్టాక వచ్చిన పీడీఎఫ్‌ని కాగితం మీద ప్రింటు తీయించి, ఇదివరకు నీ నవల చదవని మనిషి చేత ప్రూఫ్ చూపించు. దిద్దిన పేజీలు మళ్లీ వచ్చాక దిద్దిన వాక్యంతో పాటు దాని పైనా కిందా ఉన్న రెండేసి లైన్లు కూడా చూడమను, ఒకటి సరిచేస్తూ పక్కది చెడగొట్టడం డీటీపీలో రోజూ జరిగేదే.